పదో తరగతితో ఆగిపోయే చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి ఫలితాలు రాగానే మన పిల్లల్లో చాలామంది ఎంపీసీలోనో బైపీసీలోనో చేరిపోతారు. పాలిటెక్నిక్‌కో ఐటీఐకో వెళ్లేవాళ్ల సంగతీ అంతే. ఏ గ్రూప్స్ పరీక్షకో కూర్చుంటే తప్ప మళ్లీ చరిత్ర పుస్తకం పట్టుకునే అవసరం వాళ్లకు రాదు. రేపు ఓటరు కాబోయే పిల్లకో పిల్లాడికో చరిత్ర చదువు పదిహేనో ఏటే ముగిసిపోతోందన్న మాట. కాబట్టి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో చరిత్ర పేరుతో ఏం చేయిస్తున్నామన్నది చిన్న విషయం కాదు. పత్రికల విద్యా పేజీలేమో దాన్ని ‘స్కోరింగ్’ పేపరుగా, బిట్ల మూటగా చూస్తున్నాయి. హైస్కూళ్లలో సోషల్ చెప్పేవాళ్లం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

పాత సంగతి ఏదైనా ఎదురైనప్పుడు ఇది ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పాల్సి వచ్చింది, దీన్ని సరిచూసుకునే దారేమిటి అని అడిగే అలవాటు ఈ మూడేళ్లలో పట్టుబడాలి. మా మాట అంతే. తేదీలు వద్దని మేం అనడం లేదు. పని చేయడానికి తేదీ కావాలి.

ఎలా పనికొస్తుందో చూడండి. మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ, ఇండియా అంతా తిరిగినా ఒక్క బిచ్చగాడూ దొంగా కనబడలేదని, చదువును దెబ్బతీస్తే తప్ప ఈ జాతి లొంగదని అన్నట్టుగా ఒక మెసేజి ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. దాన్ని సభల్లో చదివి వినిపించేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే. ఎనిమిదో తరగతి పిల్ల దీన్ని ఒక్క పీరియడ్‌లో తేల్చేయగలదు. మెకాలే 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగాడు, 1838 దాకా ఈ దేశంలోనే ఉన్నాడు. 1835 ఫిబ్రవరి 2 అన్నది కలకత్తాలో ఆయన తన విద్యా నివేదిక మీద వేసిన తేదీ. ఆ రోజుల్లో కలకత్తా నుంచి లండన్‌కు ఓడలో నెలలు పట్టేది. అదే రోజున ఆయన పార్లమెంటులో ఎలా మాట్లాడతాడు? పోనీ, ఆ అసలు నివేదికైనా మనల్ని మెచ్చుకున్నది కాదు, మన భాషల సాహిత్యాన్ని తీసిపారేసింది. ఆయన్ని తిట్టాలనుకునేవాళ్లు దాన్నే చూపించవచ్చు, దొంగ సాక్ష్యంతో పనిలేదు.

ఇప్పుడు తరగతిలో జరిగేది వేరు. పాఠం చదవడం, కింద ప్రశ్నలకు గైడు చూసి జవాబులు రాయించడం, ఒక మార్కు బిట్లు వల్లెవేయించడం. సోషల్ అంటే నాలుగు సబ్జెక్టులు కలిపిన పేపరు. జనవరి వచ్చేసరికి ప్రత్యేక తరగతులన్నీ లెక్కలు, సైన్సుల పాలవుతాయి. మిగిలిన పీరియడ్లలో పటాలూ గ్రాఫులూ చేయిస్తే మార్కులు గ్యారంటీ, చరిత్రలో అది లేదని టీచరుకు తెలుసు. వెనక్కి నెట్టేది చరిత్ర పాఠాలనే. దీనికి టీచర్ల బద్ధకం ఒక్కటే కారణం అనుకోవద్దు. ప్రశ్నపత్రం ఏది అడిగితే తరగతి అదే చెబుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ఒక శాసనంతో రెండు పీరియడ్లు ఎలా నడపవచ్చో చెబుతాం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం అందుకు చక్కగా ఒదుగుతుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరిలో ఉండి పాలిస్తూ వేయించింది. సంస్కృత శ్లోకాలు. పిల్లలకు సులువైన తెలుగులో అర పేజీకి కుదించి, నలుగురికొక కాగితం చొప్పున ఇవ్వాలి. పాఠం ముందు చెప్పి కాగితం తర్వాత ఇస్తే పని చెడుతుంది. సారు చెప్పిందే కాగితంలో వెతికి తిరిగి అప్పజెబుతారు. కాగితం ముందు, పాఠం వెనక.

శాసనంలో ఉన్నదేమిటంటే, చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు. అంగాల్లో ధర్మం తెలిసిన రాజు, జలశాస్త్రం చదివిన పండితుడు ఉన్నారు. గట్టి బంకనేల, మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే నది, రెండు కొండల మధ్య మరీ పొడవు కాని రాతికట్ట, లోతూ వైశాల్యమూ ఉన్న గర్భం, దగ్గర్లో నిడుపాటి రాళ్లు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, చివరికి పని తెలిసిన మనుషుల దండు. దోషాలు ఇవి: కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు మధ్యలో మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం. కట్ట కొలతలున్నాయి. రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే బండ్లు నూరు, రెండేళ్ల పని అని లెక్కా ఉంది.

మొదటి పీరియడ్‌లో పిల్లలు చేసేది గీతలు గీయడం. రాజు తన గురించి తాను చెప్పుకున్న మాటల కింద ఎర్ర గీత. ఇవాళ వెళ్లి కొలిచి చూడగలిగిన మాటల కింద నీలం గీత. చెరువు నేటికీ ఉంది కాబట్టి నీలం గీతలు చాలానే పడతాయి. కట్ట పొడవు ఫోనులోని ఉపగ్రహ పటంలోనే కొలవచ్చు. ‘ధర్మం తెలిసిన రాజు’ కింద ఏ రంగు గీయాలన్న దగ్గర గొడవ పడతారు. పడనివ్వాలి. రాజే కదా రాయించుకున్నది అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట టీచరు నోటి నుంచి రాకూడదు.

రెండో పీరియడ్‌లో లెక్క. వెయ్యిమంది, రెండేళ్లు. ఒక్కరోజు కూడా ఆగకుండా చేస్తే 1000 × 730, అంటే 7,30,000 పనిదినాలు. వానాకాలంలో కట్ట పని సాగుతుందా? కోతల కాలంలో కూలీలు దొరుకుతారా? నెలకు ఇరవై రోజులే అనుకుంటే 4,80,000. ఉపాధి హామీ పనికి వెళ్లే అమ్మానాన్నలున్న పిల్లలకు పనిదినం అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. వెయ్యి, నూరు అన్నవి ఎందుకంత గుండుగా ఉన్నాయి, లెక్కపెట్టి రాశారా, గొప్పకు రాశారా అన్నది తర్వాతి ప్రశ్న. వీళ్లకు కూలి ఎంత, ఏ రూపంలో ఇచ్చారు, వీళ్ల ఊళ్లేవి అన్నది ఇంకో ప్రశ్న. కాగితంలో వెతికితే దొరకదు. దొరకలేదని రాయడం కూడా జవాబేనని పిల్లలు తెలుసుకునేది అక్కడే. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఎందుకు దోషమైందో, రోజూ కృష్ణా జలాల వార్తలు వేసే మీకు మేం చెప్పేదేముంది! 811 టీఎంసీలను 512, 299గా పంచుకున్న రెండు రాష్ట్రాల పిల్లలకు ఆ ఒక్క దోషం మీదే ఇంకో పీరియడ్ నడుస్తుంది.

తేదీ కూడా పిల్లలే కట్టాలి. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఉగాదికి ముందు పడే జనవరి నుంచి మార్చి దాకా అయితే 79. శాసనంలో శక 1291 అని ఉంది, కలిపితే 1369. సరిపోయిందో లేదో చూడడానికి అరవై ఏళ్ల చక్రం ఉంది. శాసనం సౌమ్య సంవత్సరం అంటోంది. చివరిసారి సౌమ్య వచ్చింది 1969-70లో. అందులోంచి పది అరవైలు, అంటే 600 తీసేస్తే 1369. రెండు దారుల్లోనూ ఒకే ఏడు వచ్చింది. రాకపోతే ఏమిటర్థం? మనం శకం అంకె తప్పు చదివి ఉండవచ్చు, చెక్కినవాడు తప్పు చెక్కి ఉండవచ్చు, శాసనమే తర్వాతెప్పుడో పుట్టించినదై ఉండవచ్చు. కూటశాసనాలను, అంటే దొంగ శాసనాలను, పట్టుకోవడంలో పండితులు వాడే మొదటి పరీక్షల్లో ఇదొకటి, కావలసింది కూడికలూ తీసివేతలే. హిజరీకి ఇది పనికిరాదు. ఆ ఏడాదికి 354 రోజులే. హిజరీ అంకెను 0.97తో గుణించి 622 కలిపితే ఒక ఏడు అటూ ఇటూగా వస్తుంది. హైదరాబాద్ పుట్టిన హిజరీ 1000ని అలా కడితే 1592 వస్తుంది. అసలు హిజరీ 1000 మొదలైంది 1591 అక్టోబరులో. తేడా ఎందుకు వచ్చిందో అడగండి, లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు.

శాసనం దాకా పోలేని చోట ఇంట్లో కాగితాలు చాలు. ఆంధ్రలో అడంగల్ తెమ్మంటే పైన ఫసలీ సంవత్సరం ఉంటుంది. ఫసలీకి 590 కలపాలి. ఫసలీ 1434 అంటే 2024 జులై నుంచి 2025 జూన్ దాకా. మొఘలుల కాలపు పంట లెక్క ఇవాళ కంప్యూటరులోంచి అచ్చై వస్తోంది. తెలంగాణలో 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ పేరు వినని రైతు ఇల్లు అరుదు. 38-ఇ (కౌలుదారుకు హక్కు ఇచ్చే పత్రం), ఇనాం (మాన్యంగా ఇచ్చిన భూమి), 1/70 (ఏజెన్సీ భూముల నిబంధన) వంటి మాటలు మీ జిల్లా పేజీల్లో వారం తప్పకుండా కనిపిస్తాయి. వాటి వెనక 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం, ఏజెన్సీలో 1970 నాటి భూబదలాయింపు నిబంధన ఉన్నాయి. అవి చెప్పకుండా వదిలేసిన తరగతి నుంచి వెళ్లినవాడు తన పొలం తగాదాలోనే పరాయివాడవుతాడు. ఒక జాగ్రత్త. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ జెరాక్సులు బడికి తెప్పించవద్దు. సర్వే నంబరూ పేర్లూ చెరిపేసి పైవరస మాత్రమే నోటులో రాసుకురమ్మనండి. భూమి లేని ఇళ్ల పిల్లలకు రేషన్ కార్డు, కరెంటు బిల్లు, తాతగారి బడి టీసీ ఏదైనా సరే. లేకపోతే ఈ పాఠం భూమి ఉన్నవాళ్ల పాఠమై కూర్చుంటుంది.

చరిత్ర ఎందుకు, ఇంజనీరింగ్ సీటు వస్తే చాలదా అనే తల్లిదండ్రులకు ఒక మాట. ఆ సీటు దరఖాస్తులో ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు పెట్టి లోకలా నాన్ లోకలా తేల్చుకోవాలి. ఆ నిబంధన రాజ్యాంగంలోని 371-డి అధికరణ నుంచి, అది 1973 ఆరు సూత్రాల పథకం నుంచి, ఆ పథకం 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల నుంచి వచ్చాయి.

ఊళ్లో పెద్దలను అడిగి రాసుకునే పని మంచిదే కానీ చాలాచోట్ల నీరుగారిపోతుంది. ప్రశ్న తప్పు కావడం వల్ల. ‘మీ రోజుల్లో ఎలా ఉండేది తాతా’ అంటే ‘అంతా బంగారం’ అంటాడు, రాసుకుని వచ్చేస్తారు. వారానికి ఎన్ని పూటలు వరన్నం, ఎన్ని పూటలు సంకటి లేదా గటక, పెళ్లికి అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వడ్డీ ఎంత, మొదటిసారి బస్సెక్కింది ఏ ఊరికి అని అడగాలి. ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లాలి, ఒకరు అడుగుతారు, ఒకరు రాస్తారు. ఫోనులో రికార్డు చేసేముందు అడిగి చేయాలి. అరగంట మించవద్దు. పెద్దలకు సంవత్సరాలు గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. కృష్ణా జిల్లాలో అయితే దివిసీమ ఉప్పెనకు ముందా వెనకా అంటే ఠక్కున చెబుతారు, అది 1977 నవంబరు 19. రామారావు పార్టీ పెట్టకముందా తర్వాతా అంటే 1982 మార్చికి అటా ఇటా అని తేలుతుంది. ఒకే సంఘటన ఇద్దరిని అడగాలి, వీలైతే ఇద్దరూ వేర్వేరు వాడల వాళ్లయి ఉండాలి. చెప్పేవి కలవకపోతే టీచరు కంగారు పడి ఒకదాన్ని కొట్టేయకూడదు. రెండూ పక్కపక్కన రాయించాలి.

ఊళ్లో శాసనం రాయి ఉంటే దాన్ని చూపించే పద్ధతీ తెలియాలి. అక్షరాల్లో సుద్దపొడి, పసుపు, సున్నం పూయడం చాలాచోట్ల చూస్తుంటాం, అది తప్పు. రాయి గుల్లబారి ఉంటే పొరలు ఊడతాయి, మరోసారి చదవబోయేవాడికి మనం పూసిన గీతే అక్షరమై కనిపిస్తుంది. ఉదయం ఎనిమిదికి ముందో సాయంత్రమో ఏటవాలు ఎండలో చూడాలి. నీడలో ఉన్న రాయి అయితే ఫోను టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టాలి. గాడిలో నీడ పడి అక్షరం లేస్తుంది. టార్చిని నాలుగు వైపులకూ మార్చి నాలుగు ఫోటోలు తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టండి. అచ్చు కాగితం అద్ది సిరాతో నకలు తీసే పని పురావస్తు శాఖవాళ్లది, మనం చేయకూడదు. గుడి జీర్ణోద్ధరణ పేరుతో రాతిస్తంభాలకు ఆయిల్ పెయింటు వేయిస్తున్నారని తెలిస్తే శాఖకు కబురు చెప్పడం కూడా సోషల్ పాఠమే. పొలంలో నాణేలు దొరికితే దాచుకోకూడదని, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలపాలని పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

తగాదా ఉన్న పాఠాలంటే టీచర్లకు భయం. హైదరాబాద్ నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17 అందులో మొదటిది. ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఉత్సవం పేరు మారుతోంది. దాటేసి పోవడం తేలిక. మేం సూచించేది బోర్డు మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్కన ఎవరూ కాదనలేనివి: 1947 నవంబరు 29న నిజాంకూ ఇండియా ప్రభుత్వానికీ మధ్య ఏడాదికి కుదిరిన యథాతథ ఒప్పందం, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణం, 1948 సెప్టెంబరు 13న సైన్యం కదలడం, 17న నిజాం లొంగుబాటు, మిలిటరీ గవర్నరుగా జె.ఎన్. చౌధురి, 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, 1950 జనవరి 26 నుంచి అదే నిజాం రాజప్రముఖ్, అంటే రాష్ట్రాధినేత. కుడి పక్కన, ఆ రోజు దొర గడీలో వాళ్లకు, వెట్టి చేసిన కుటుంబానికి, దళంలో ఉన్నవాడికి, నిజాం కొలువులో చిన్న ఉద్యోగం చేసే ముస్లిం కుటుంబానికి ఎలా అనిపించి ఉంటుందో, దానికి ఏ ఆధారం వెతకాలో. ఎడమ పక్కది పూర్తయ్యాకే కుడి పక్కకు వెళ్లాలి. వరస తిరగబడితే తరగతి టీవీ చర్చ అయిపోతుంది.

ఆంధ్రలో ఇప్పుడు పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం. ఐరోపా జాతీయవాదంతో మొదలవుతుంది. అది వద్దని మేమనం, బిస్మార్క్ తెలియడం మంచిదే. అయితే అదే పుస్తకంలో గూడెం కొండల అల్లూరి ప్రస్తావన కొద్ది వాక్యాల్లో వచ్చిపోతుంది. అక్కడ రెండు పీరియడ్లు ఆగాలి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి దళం దాడులు. పటం మీద ఆ మూడు ఊళ్లూ గుర్తుపెట్టి, కాలినడకన ఒక్కరోజులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరాలంటే దారి తెలిసినవాళ్లు ఎవరై ఉండాలి అని అడిగితే, 1882 అటవీ చట్టంతో పోడు పోగొట్టుకున్న కొండవాళ్లు పాఠంలోకి వాళ్లంతట వాళ్లే వస్తారు.

ఇక పరీక్ష. మన సోషల్ పేపర్లలో పేరా ఇచ్చి ‘చదివి వ్యాఖ్యానించండి’ అనే ప్రశ్న ఉంది. ఉద్దేశం గొప్పది. ఆ పేరా పాఠ్యపుస్తకంలోంచే తీస్తుండడంతో ప్రతి పేరాకూ గైడులో తయారు వ్యాఖ్య ఉంది. పిల్లాడు మొదటి లైను చూసి మిగతాది చదవకుండానే రాసేస్తాడు. పుస్తకంలో లేని పేరా ఇవ్వండి, ఎనిమిది లైన్లు మించకుండా. ఉదాహరణకు కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం సారం: తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప మరేదీ తీసుకోనని రాజు సముద్ర వర్తకులకు మాట ఇస్తున్నాడు. ప్రశ్నకు ఐదు మార్కులైతే, ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదానికి ఒకటి, అంతకుముందు ఏం జరిగేదో పేరాలోంచి పట్టినందుకు రెండు, ఇందులో రాజుకు వచ్చే లాభం ఏమిటో ఊహించి కారణం చెప్పినందుకు రెండు. వాల్యుయేషన్‌లో తకరారు రాకుండా చివరి భాగానికి నాలుగైదు ఒప్పుకోదగ్గ జవాబులు కీలోనే ఇవ్వాలి, కారణం లేని జవాబుకు ఒక్క మార్కే అని రాయాలి. లేదంటే దిద్దేవాళ్లు అందరికీ నాలుగు వేసి పంపిస్తారు. కొత్త పుస్తకం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. పేపర్లో ఒక్క ప్రశ్న మారితే జూన్ నుంచే తరగతిలో పేరాలు చదివించడం మొదలవుతుంది.

ఫార్మేటివ్ ప్రాజెక్టుల గురించి ఎక్కువ చెప్పడం దండగ. నెట్ సెంటరులో కలర్ ప్రింట్లు అంటించిన ఫైళ్లు అలమారాల్లో పేరుకుంటున్నాయి. ఏడాదికి నాలుగు బదులు ఒక్కటి చాలు, పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి, చేతిరాతతో రెండు పేజీలు.

మీ పత్రికతోనూ ఒక పని ఉంది. వారానికోసారి వచ్చే విద్యార్థుల పేజీలో బిట్ల స్థానంలో ఒక పాత కాగితం వేయండి. శాసనం ఫోటో కావచ్చు, మీ దగ్గరే ఉన్న పాత సంచికలోని 1956 నవంబరు నాటి మొదటి పేజీ ముక్క కావచ్చు, పాత రైల్వే టైంటేబుల్ కావచ్చు. అక్షరాలు చదవగలిగేంత పెద్దగా వేయండి, కింద మూడే ప్రశ్నలు ఇవ్వండి. జవాబులు అదే పేజీ అడుగున తలకిందులుగా అచ్చు వేయవద్దు. తర్వాతి వారం వేయండి. ఈలోగా తరగతుల్లో వాదించుకోవడానికి ఆరు రోజులు దొరుకుతాయి.

ఇట్లు,
హైస్కూలు సోషల్ ఉపాధ్యాయులు కొందరు